పదకొండో మడి

అచ్చయిన వ్యాసం మీద ఐదు పేర్లు.
మొదటిది మా డైరెక్టర్‌ గారిది. పొలానికి ఒక్కసారి వచ్చారు,
బూట్లకి బురదంటుతుందని గట్టు మీదే ఆగిపోయారు.
రెండోది ఆయన కోడలిది. ఎందుకో అడగలేదు.
మూడూ నాలుగూ నిజంగా ఎండలో నిలబడ్డ పిల్లలవి.
ఐదోది నాది. పక్కన చిన్న నక్షత్రం:
సందేహాలుంటే సంప్రదించవలసినవారు.
నాలుగేళ్లలో నన్నెవరూ సంప్రదించలేదు.

మేడికొండూరు దాటాక ఎడమచేతి వైపు, కౌలుకి తీసుకున్న అరెకరం.
పన్నెండు మళ్లు, మిరప.
వారానికి రెండుసార్లు సలోమి
మడికి పది మొక్కలు, మొక్కకి మూడాకులు
తిరగేసి, భూతద్దం ఆనించి
నలకకన్నా చిన్న తామర పురుగుల్ని లెక్కపెట్టేది.
పైముడతో కిందిముడతో
నేను పుస్తకం తెరిచేలోపే చెప్పేసేది.
ఆమె పేరు చివరి పేజీలో ఉంది,
‘క్షేత్ర సిబ్బందికి ధన్యవాదాలు’ అన్నచోట.
అంటే, లేదు.

నిన్న బీరువా సర్దుతుంటే ఆమె నోటుబుక్కు దొరికింది.
వెనకట్ట మీద ఎక్కాలు. లోపల ఇంకా కారం ఘాటు.
నవంబరు ఇరవై తొమ్మిది, పదకొండో మడి.
గడిలో అంకె లేదు. వంకర అక్షరాలు:
“వాన. మడి మునిగింది. లెక్కబెట్టలే.”

అచ్చులో అదే గడిలో
4.6

ఎవరు వేశారో నాకు తెలుసు.
బ్రాడీపేట రెండో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు, డీటీపీ షాపు.
రాత్రి పదిన్నర. గడువు పన్నెండుకి.
గడి ఖాళీగా ఉంటే కదలనంది సాఫ్ట్‌వేరు.
అటు మడీ ఇటు మడీ చూసి సగటు కట్టాను.
టీ గ్లాసు మీద మీగడ కట్టేంతసేపు కూడా పట్టలేదు.
చెయ్యి వణకలేదు. ఇప్పుడదే భయం.

సమీక్షకులు ఇద్దరు.
ఒకాయన కామాలు దిద్దాడు.
రెండో ఆయన తన పాత వ్యాసాలు మూడు ఉటంకించమన్నాడు. ఉటంకించాం.
యార్డులో అయితే
పైన తేజ పోసి అడుగున తాలు దాచిన టిక్కీలోకి
గుమస్తా మోచేతి దాకా చెయ్యి దూర్చి
పిడికెడు బయటికి లాగి నలుగురిలో పోస్తాడు.
మా టిక్కీలో ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఆ అంకె ఇప్పటికి పదిహేడు వ్యాసాల్లోకి పాకింది.
ఒకచోట నాలుగున్నరయింది, ఇంకోచోట ‘దాదాపు ఐదు’.
మందుల కంపెనీ కరపత్రంలో
ఎర్రటి గ్రాఫై లేచి నిలబడింది.
లేని పురుగుల కోసం
ఎంతమంది పంపు భుజాన వేసుకున్నారో
ఆ లెక్క ఏ నోటుబుక్కులోనూ లేదు.

ఎడిటరుకి ఉత్తరం మొదలుపెట్టాను.
‘అనుకోకుండా దొర్లిన పొరపాటు’
కొట్టేశాను.
‘టైపింగు దోషం’
అదీ కొట్టేశాను.
డైరెక్టర్‌ గారు ఫోన్‌లో
“ఒక్క గడే కదయ్యా” అన్నారు.
కాసేపాగి,
“మా కోడలి సంగతి కూడా రాస్తావా ఏంటి?”
అప్పటిదాకా ఆ ఆలోచన లేదు. రాశాను.

‘ఆ రోజు ఎవరూ లెక్కపెట్టలేదు.
అంకె వేసింది నేను.
వ్యాసం ఉపసంహరించండి.’
మూడు వాక్యాలకి అర్ధరాత్రి దాటింది.
చినుకు పడి సిరా చెదిరిన ఆ పేజీని
మరకతో సహా ఫొటో తీసి జతచేశాను.

పంపేముందు సలోమికి ఫోన్‌ చేశాను.
ఇప్పుడు ఏటుకూరు రోడ్డు కోల్డ్‌స్టోరేజీలో
తొడిమలు తీస్తోంది, కిలోల లెక్కన.
అంతా విన్నది. దగ్గింది.
“వాన అని రాశాగా సార్‌,
వాన అనే వేసుండొచ్చుగా.”